రిపోర్టులో 20, ఒంట్లో 13: ఒక హోమోసిస్టీన్ కేసు

నేను ల్యాబ్ డాక్టర్ని, క్లినికల్ బయోకెమిస్ట్రీ నా విభాగం. ఈ కేసు నా దగ్గరికి ఒక ఫిజీషియన్ ఫోనుతో వచ్చింది. “మందు మొదలుపెట్టగానే తగ్గింది. అదే మందు కొనసాగుతుండగా మళ్లీ పెరిగింది. ఇంకో విటమిన్ చేర్చాను, ఇప్పుడు పేషెంటు కాళ్లు తిమ్మిర్లంటున్నారు. అసలు ఈ హోమోసిస్టీన్ అంకెను నమ్మొచ్చా?” అని ఆయన అడిగారు. హోమోసిస్టీన్ అంటే రక్తంలో కొలిచే ఒక అమైనో ఆమ్లం. ఆ అంకె సంగతి తేలడానికి, కణం తనలోని ఆ అమైనో ఆమ్లాన్ని బయటికి ఎందుకు పంపుతుంది, ఎప్పుడు పంపుతుంది అన్నంత దూరం వెళ్లాల్సి వచ్చింది. ఈ పరీక్ష రాసే డాక్టర్లకీ, రక్తం తీసే టెక్నీషియన్లకీ, రిపోర్టు చేతిలో పట్టుకుని కంగారు పడేవాళ్లకీ పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

నేపథ్యం

పేషెంటు నలభై దాటిన పురుషుడు. తండ్రికి యాభై నిండకముందే గుండెపోటు వచ్చింది, ఆ భయం ఈయన్ని ఎప్పుడూ వెంటాడుతూనే ఉంది. షుగరు లేదు, పొగ తాగరు. బీపీ 138/88 దగ్గర ఆడుతోంది. ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్ 162. ఛాతీనొప్పి గానీ ఆయాసం గానీ లేవు.

తనంతట తానే ఒక హెల్త్ చెకప్ ప్యాకేజీ చేయించుకున్నారు. అందులో హోమోసిస్టీన్ 20.4 వచ్చింది. లీటరు రక్తద్రవంలో ఇన్ని మైక్రోమోల్స్ అని దానర్థం, ఇకమీదట అంకె ఒక్కటే రాస్తాను. సాధారణంగా 5 నుంచి 15 దాకా మామూలు అంటారు. ఎల్‌డీఎల్ కూడా ఎక్కువే ఉంది కానీ, ఆయన దృష్టంతా కొత్తగా కనిపించిన ఈ పేరు మీదే పడింది. ఫిజీషియన్ కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మొదలుపెడదామంటే, “ముందు ఇది తగ్గనివ్వండి డాక్టర్ గారూ, అది తర్వాత చూద్దాం” అన్నారు. ఈ కేసులో అసలు నష్టం ఈ వాయిదాతోనే మొదలైందని నా అభిప్రాయం.

హోమోసిస్టీన్‌కి గుండెతో ఉన్న సంబంధం ఊరికే పుట్టిన మాట కాదు. ఈ అమైనో ఆమ్లాన్ని విన్సెంట్ డు విన్యో బృందం 1932లో గుర్తించింది. 1969లో కిల్మర్ మెకల్లీ అనే పాథాలజిస్టు రెండు వేర్వేరు జన్యు లోపాలతో చనిపోయిన పిల్లల రక్తనాళాలను పోల్చి చూశారు. లోపాలు వేరు, దెబ్బ మాత్రం ఒకేలా ఉంది. ఇద్దరిలోనూ ఉమ్మడిగా ఎక్కువగా ఉన్నది హోమోసిస్టీన్. అక్కడి నుంచి, మామూలు మనుషుల్లో అది కొంచెం పెరిగినా ముప్పే కదా అన్న ఆలోచన బలపడింది. పెద్ద జనాభా అధ్యయనాల్లో ఆ సంబంధం కనిపించింది కూడా. తగ్గిస్తే మేలు జరుగుతుందా అన్నది వేరే ప్రశ్న, దానికి తర్వాత వస్తాను.

మొదట చేసినవి

ఫిజీషియన్ ఫోలిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాములు, బీ12 మాత్ర మొదలుపెట్టారు. కొన్ని వారాల తర్వాత చూస్తే 14.6. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. తర్వాత మూడు నెలలకి మళ్లీ చేయిస్తే 19.1. మాత్రలు ఒక్కరోజు కూడా మానలేదని పేషెంటు గట్టిగా చెప్పారు, ఖాళీ స్ట్రిప్పులు తెచ్చి చూపించారు.

ఇక్కడ ఫిజీషియన్ ఆలోచించిన తీరు పద్ధతిగానే ఉంది. కిడ్నీ పని తగ్గితే హోమోసిస్టీన్ పెరుగుతుంది, కాబట్టి క్రియాటినిన్ చూశారు, మామూలుగా ఉంది. థైరాయిడ్ మందగించినా పెరుగుతుంది, టీఎస్‌హెచ్ బాగానే ఉంది. మెట్‌ఫార్మిన్, మెథోట్రెక్సేట్, ఫెనిటోయిన్ లాంటి మందులేవీ వాడటం లేదు. బీ12 మాత్ర వేసుకుంటున్న మనిషిలో రక్తంలోని బీ12 స్థాయి చూసి లాభం లేదు, అది ఎలాగూ ఎక్కువే వస్తుంది. అందుకని మిథైల్‌మెలోనిక్ యాసిడ్ చేయించారు. కణం లోపల బీ12 పని జరగకపోతే పెరిగేది అదే. అదీ మామూలుగానే ఉంది. అంటే బీ12 లోపం కాదు.

ఫోలిక్ యాసిడ్ ఒంట్లో పనిచేసే రూపానికి మారడంలో తోడ్పడే ఎంటీహెచ్ఎఫ్ఆర్ అనే జన్యువు పరీక్ష పేషెంటు పట్టుబట్టి చేయించుకున్నారు. సీ677టీ మార్పు ఒక కాపీలో ఉందని వచ్చింది. చాలామందిలో ఉండే మార్పే అది, ఒక్క కాపీతో 19 రాదు. కానీ రిపోర్టులో ‘మ్యుటేషన్’ అన్న మాట చూశాక ఆయన టెన్షన్ రెట్టింపయింది. దాంతో బీ6 రోజుకి 100 మిల్లీగ్రాములు చేర్చారు. ఆయన సొంతంగా వేసుకుంటున్న ఇంకో మల్టీవిటమిన్‌లోనూ బీ6 ఉంది. రెండు మూడు నెలల్లో పాదాల్లో తిమ్మిర్లు మొదలయ్యాయి. నాకు ఫోను వచ్చింది అప్పుడే.

మిషన్ మీద అనుమానం

అంకెలు అలా ఊగుతున్నప్పుడు మొదట ఎవరికైనా మిషన్ మీదే అనుమానం వస్తుంది. ఒకే మనిషిలో హోమోసిస్టీన్ రోజుకీ రోజుకీ మారేది పది శాతంలోపే, 14.6 నుంచి 19.1కి పోవడం దానికి మించింది. మూడోసారి పరీక్ష చేసిన ల్యాబులో మిగిలిన సీరం (గడ్డకట్టిన రక్తం నుంచి వేరు చేసిన ద్రవం) ఇంకా ఫ్రీజర్లో ఉంది, అడిగితే పంపారు. మా దగ్గర వేరే పద్ధతిలో నడిపితే 18.7 వచ్చింది. వాళ్ల 19.1కి దాదాపు సమానం. అంటే మిషన్ తప్పు చెప్పలేదు. ఆ ట్యూబులో నిజంగానే అంత ఉంది. అయితే మనిషిలో అంత ఉందా?

ఈ రెండు ప్రశ్నలనీ విడదీసి అడగడమే ఈ కేసులో మలుపు. ఫిజీషియన్‌ని మూడు రిపోర్టులూ పూర్తిగా పంపమన్నాను, హోమోసిస్టీన్ ఉన్న పేజీ ఒక్కటే కాకుండా. వాటిలో నాకు గ్లూకోజ్ కనిపించింది. ప్యాకేజీలో అన్ని పరీక్షలూ ఒకే జెల్ ట్యూబు నుంచి చేశారు. మొదటిసారి గ్లూకోజ్ 58, రెండోసారి 75, మూడోసారి 57. పరగడుపున 57 ఉన్న మనిషి చెమటలు పట్టి, చేతులు వణికి ఉండాలి. ఈయనకి అలాంటివేవీ లేవు. పైగా మూడు నెలల సగటును చూపే హెచ్‌బీఏ1సీ 5.5 ఉంది, అది 57తో పొసగదు.

గ్లూకోజ్ పడిపోయిన రోజుల్లోనే హోమోసిస్టీన్ పెరిగింది. గ్లూకోజ్ కాస్త నయంగా ఉన్న రోజున హోమోసిస్టీన్ తక్కువగా ఉంది. రక్తం తీశాక సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి కణాలను వేరు చేయకపోతే, అవి ట్యూబులో బతికే ఉంటాయి. గంటకి దాదాపు 5 నుంచి 7 శాతం చొప్పున గ్లూకోజ్‌ని వాడేసుకుంటూ పోతాయి. రిపోర్టు పైభాగంలో రక్తం తీసిన సమయం, ల్యాబుకి చేరిన సమయం అచ్చై ఉన్నాయి. మొదటి, మూడో శాంపిళ్లకి ఆ తేడా ఏడు గంటలు దాటింది, రెండోదానికి మూడు గంటల పైచిలుకు. కలెక్షన్ సెంటర్లో సెంట్రిఫ్యూజ్ లేదు. రోజంతా పోగైన ట్యూబులు సాయంత్రం ఒకేసారి వెళ్తాయి.

ఎర్రకణం ఏం చేస్తుంది

ఇక్కడ కొంచెం నిదానిస్తాను. అసలు విషయం ఇదే.

మనం తినే ప్రోటీన్‌లోంచి మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం వస్తుంది. కణం దాన్ని ఎస్-అడెనోసిల్‌మెథియోనిన్‌గా మార్చి, దాని నుంచి మిథైల్ గుంపును తీసి డీఎన్ఏకీ, ప్రోటీన్లకీ తగిలిస్తుంది. ఆ పని అయ్యాక మిగిలిన దాన్ని ఒక ఎంజైము రెండు ముక్కలు చేస్తుంది. ఒక ముక్క అడెనోసిన్, రెండోది హోమోసిస్టీన్. అంటే హోమోసిస్టీన్‌ని మనం తినం, అది కణం లోపలే పుడుతుంది. పుట్టిన దానికి లోపల రెండు దారులున్నాయి. ఫోలేట్ (ఫోలిక్ యాసిడ్ ఒంట్లో ఉండే రూపం), బీ12 సాయంతో తిరిగి మెథియోనిన్ కావడం ఒకటి. బీ6 సాయంతో సిస్టాథియోనిన్ మీదుగా సిస్టీన్ కావడం ఇంకొకటి. కాలేయ కణాల్లో రెండూ గట్టిగా నడుస్తాయి. ఎక్కడైతే ఈ దారులు ఇరుకో, అక్కడ కణానికి మిగిలేది ఒక్కటే: బయటికి పంపేయడం.

ఇందుకు కణపొరలో హోమోసిస్టీన్ కోసమే కట్టిన ద్వారం అంటూ లేదు. సిస్టీన్, అలనిన్, ల్యూసిన్ లాంటివి వాడే రవాణా ప్రోటీన్లనే ఇదీ పంచుకుంటుంది. వాటికి సిస్టమ్ ఎల్, సిస్టమ్ ఏ, సిస్టమ్ ఏఎస్‌సీ అని పేర్లు. సిస్టమ్ ఏ, ఏఎస్‌సీలకి సోడియం కావాలి. సిస్టమ్ ఎల్‌కి సోడియంతో పనిలేదు, అది ఒక అమైనో ఆమ్లాన్ని లోపలికి తీసుకుని ఇంకొకదాన్ని బయటికి ఇచ్చే మారకం పద్ధతిలో నడుస్తుంది. రక్తనాళాల లోపలి పొర కణాలను పెంచి చూసిన ప్రయోగాల్లో హోమోసిస్టీన్ ఈ ద్వారాల గుండానే లోపలికి పోవడం, సిస్టీన్ ఎక్కువైతే ఆ రవాణా తగ్గడం కనిపించాయి. ఆ నాళాల కణాల్లో సిస్టీన్‌గా మార్చే దారి దాదాపు నడవదు, కాబట్టి లోపలికి వచ్చినదాన్ని వదిలించుకోవడం వాటికి కష్టం. గుండె జబ్బుతో ముడిపెట్టే వాదనకి కణస్థాయిలో ఉన్న ఆధారాల్లో ఇదొకటి.

ఎర్రకణానికి కేంద్రకం లేదు, మైటోకాండ్రియా లేవు, అయినా పాతబడిన ప్రోటీన్లను బాగుచేసుకోవడానికి మిథైల్ గుంపులు వాడుతుంది. కాబట్టి హోమోసిస్టీన్ పుడుతూనే ఉంటుంది. దాన్ని సిస్టీన్‌గా మార్చే దారి దానికి లేదు. పుట్టింది పుట్టినట్టే బయటికి పంపుతుంది. ఒంట్లో ఉన్నంతసేపూ ఆ బయటికి వచ్చినదాన్ని కాలేయం, కిడ్నీ తీసేసుకుంటాయి. ట్యూబులో కాలేయం లేదు, కిడ్నీ లేదు. గది వేడిలో గంటకి సుమారు ఒక మైక్రోమోల్ దాకా ద్రవంలో పేరుకుంటూ పోతుంది.

మొదట్లో మనిషికి ఎంత ఉంది అన్నదానితో సంబంధం లేకుండా ఈ పెరుగుదల దాదాపు ఒకే వేగంతో సాగుతుంది. ఎన్ని ఎర్రకణాలున్నాయి, ఎంత వేడిలో ఉన్నాయి, ఎంతసేపు ఉన్నాయి అన్నవే లెక్క. అందుకే నిజంగా 90 ఉన్న రోగికి ఆరు గంటల ఆలస్యం వల్ల వైద్యం మారదు. నిజంగా 13 ఉన్న ఆరోగ్యవంతుడు మాత్రం అదే ఆలస్యంతో హద్దు దాటి జబ్బుమనిషి లెక్కలోకి వస్తాడు. ఆలస్యం దెబ్బ తగిలేది ఏ జబ్బూ లేనివాళ్లకే.

పక్కపక్కన పెట్టి చూడటం

అనుమానం బలంగా ఉన్నా దాన్ని పేషెంటు ముందు మాటలతో చెప్తే సరిపోదు. ఇన్నాళ్లూ కాగితం మీది అంకెని నమ్మిన మనిషికి ఇంకో అంకె చూపించాలి. ఆయన్ని మా ల్యాబుకే రమ్మన్నాం. పావుగంట కూర్చోబెట్టాం, ఎందుకంటే హోమోసిస్టీన్‌లో 70 నుంచి 80 శాతం ప్రోటీన్లకి, ముఖ్యంగా ఆల్బుమిన్‌కి అతుక్కుని ఉంటుంది. పడుకుంటే, నిలబడితే ఆల్బుమిన్ చిక్కదనం మారుతుంది, దాంతో ఇదీ కొంచెం మారుతుంది. ఒకే సూదితో వరసగా, రక్తం గడ్డకట్టనివ్వని ఈడీటీఏ ట్యూబులు నింపాం.

మొదటి ట్యూబుని ఐసు నీళ్లలో ముంచి వెంటనే తిప్పాం: 11.6. బల్ల మీద రెండు గంటలు ఉంచి తిప్పింది 13.3. నాలుగు గంటలకి 15.1. ఎనిమిది గంటలకి 18.2. నాలుగు గంటలపాటు తిప్పకుండానే ఐసులో ఉంచిన ట్యూబు 12.0. ముందే వేరు చేసిన ప్లాస్మాని రోజంతా బల్ల మీద ఉంచి మళ్లీ నడిపితే 11.7. కణాలు వేరైతే అంకె ఆగిపోయింది, కణాలుండి చల్లగా ఉంటే మందగించింది, కణాలుండి గది వేడిలో ఉంటే ఎక్కుతూ పోయింది. ఒకే చేతి నుంచి, ఒకే నిమిషంలో తీసిన రక్తం ఒక ట్యూబులో మామూలు, ఇంకో ట్యూబులో ‘హై’.

పేషెంటు ఆ కాగితాన్ని చాలాసేపు చూశారు. తర్వాత అడిగిన ప్రశ్న చాలా సరైనది: “ఈ 11.6 మాత్రల వల్ల వచ్చిందేమో కదా? మాత్రల ముందు నిజంగానే 20 ఉందేమో?” దానికి జవాబు మాత్రలు ఆపితేనే తెలుస్తుంది. ఈ విటమిన్లన్నీ ఆపడం సురక్షితమేనా అని ఫిజీషియన్, నేను మాట్లాడుకున్నాం. బీ12 లోపం లేదని మిథైల్‌మెలోనిక్ యాసిడ్ ముందే చెప్పింది. గుండె రక్షణ పోతుందా అంటే, దానికి వేలమంది మీద మందులిచ్చి చూసిన పరిశోధనల జవాబు ఉంది. 2006లో వచ్చిన హోప్-2 అనే పరిశోధనలో 5,522 మందికి సగటున ఐదేళ్లపాటు ఫోలిక్ యాసిడ్, బీ6, బీ12 గానీ, ఉత్తుత్తి మాత్ర గానీ ఇచ్చారు. విటమిన్లతో హోమోసిస్టీన్ తగ్గింది, గుండెపోట్లు తగ్గలేదు. పక్షవాతం మాత్రం కొంత తగ్గింది. అదే ఏడాది వచ్చిన నార్విట్‌లో గుండెపోటు వచ్చిన 3,749 మందిని చూశారు. ఫోలిక్ యాసిడ్, బీ12 తీసుకున్నవాళ్లలో హోమోసిస్టీన్ 27 శాతం పడిపోయింది, అయినా మళ్లీ గుండెపోటు రావడం తగ్గలేదు. కాబట్టి ఆపడంలో మాకు సంకోచం కలగలేదు.

మూడు నెలలకి పైగా ఏ విటమినూ లేకుండా ఉన్నాక, అదే కుర్చీలో, అదే పద్ధతిలో తీస్తే 13.1. విటమిన్లు కొంచెం తగ్గించిన మాట నిజమే. కానీ మొదటి నుంచీ ఆయన హద్దు లోపలే ఉన్నారు. 20.4లో మిగిలిన ఏడూ ప్రయాణంలో చేరినవి.

తిమ్మిర్లు బీ6 ఆపాక నెమ్మదిగా తగ్గాయి. బీ6 ఎక్కువైతే స్పర్శ నరాలు దెబ్బతింటాయని చాలాకాలంగా తెలుసు, యూరప్ ఆహార భద్రతా సంస్థ పెద్దవాళ్లకి రోజువారీ గరిష్ఠ పరిమితిని 2023లో 12 మిల్లీగ్రాములకి దించింది. ఈయన వేసుకున్నది దానికి ఎనిమిది రెట్లు పైనే. స్టాటిన్ మొదలైంది, ఎల్‌డీఎల్ 162 నుంచి 84కి వచ్చింది. బీపీకి ఉప్పు తగ్గించడం, నడక సరిపోయాయి. హోమోసిస్టీన్ మళ్లీ చేయించలేదు, చేయించాల్సిన కారణమూ లేదు. తండ్రి నుంచి వచ్చిన ముప్పుకి నిజంగా మందున్న చోట దాదాపు ఏడాది ఆలస్యం జరిగిందన్నదే నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

ఇలాంటి కేసు మళ్లీ వస్తే

ఊగే అంకె కనిపిస్తే మందు మార్చేముందు, అదే ట్యూబులో చేసిన మిగతా పరీక్షలు చూడండి. తిప్పకుండా ఉంచిన రక్తం ఒక్క హోమోసిస్టీన్‌నే మార్చదు. ఈ కేసులో గ్లూకోజే సాక్ష్యం చెప్పింది. లక్షణాలు లేకుండా 60 లోపు గ్లూకోజ్ వస్తే, రిపోర్టు మీద తీసిన సమయం, చేరిన సమయం చూడటానికి అర నిమిషం చాలు.

రక్తం తీసేవాళ్లకి: హోమోసిస్టీన్‌కి ఈడీటీఏ ట్యూబు, ఐసు నీళ్లు, వీలైనంత త్వరగా తిప్పడం. గంట దాటనివ్వకూడదు. జెల్ ట్యూబు అయితే గడ్డకట్టడానికి అరగంట గది వేడిలో ఉండాలి, ఆ అరగంటా కణాలు పని చేస్తూనే ఉంటాయి. అదే ఐసు డబ్బాలో పొటాషియం చూడాల్సిన ట్యూబు మాత్రం పెట్టకండి. చల్లదనానికి హోమోసిస్టీన్ బయటికి రావడం తగ్గుతుంది కానీ, పొటాషియాన్ని కణంలో నిలిపి ఉంచే సోడియం-పొటాషియం పంపు కూడా మందగిస్తుంది, దాంతో పొటాషియం కణంలోంచి కారి దొంగ ‘హై’ వస్తుంది. సెంట్రిఫ్యూజ్ లేని చోట ఆమ్ల సిట్రేట్ ఉన్న ట్యూబులు కొన్ని గంటలు కాపాడతాయి. హోమోసిస్టీన్‌ని పుట్టించే ఎంజైమునే ఆపేసే 3-డీయజాఅడెనోసిన్ కలిపిన ట్యూబులు కూడా తయారు చేశారు. కానీ యాంటీబాడీలతో చేసే కొన్ని ఇమ్యునో పరీక్షలు కొలిచేందుకు అదే ఎంజైముని వాడతాయి, అప్పుడు పరీక్షే చెడుతుంది. ఏ ట్యూబైనా మీ ల్యాబ్ పద్ధతికి పొసగుతుందో లేదో ముందు అడగండి.

ఆలస్యం అన్నది అన్నిటికీ సాకు కాకూడదని కూడా చెప్పాలి. ట్యూబులో గంటకి పెరిగేది ఒకటి దాకానే. 60, 100, 200 వచ్చిన రిపోర్టుని ఏ ఆలస్యమూ వివరించలేదు. చిన్న వయసులో కాలి సిరల్లో రక్తం గడ్డకట్టిన మనిషి, కంటి కటకం పక్కకి జరిగిన పిల్లవాడు, పొడుగ్గా సన్నగా పెరిగి చదువులో వెనకబడిన అమ్మాయి – వీళ్లలో అంత అంకె వస్తే సిస్టాథియోనిన్ దారి పుట్టుకతోనే మూసుకుపోయిన హోమోసిస్టిన్యూరియా కావచ్చు. ఆ రోగుల్లో దాదాపు సగం మందికి ఈ పేషెంటుకి అక్కర్లేని ఆ బీ6యే పెద్ద డోసులో ప్రాణం నిలబెట్టే మందు. కాబట్టి అలాంటి వివరం రాసి ఉన్న శాంపిల్ ఎంత ఆలస్యంగా వచ్చినా మా ల్యాబులో తిరస్కరించం. నడిపి, అంకెని డాక్టరుకి ఫోనులో చెప్పి, రెండో ట్యూబుని ఐసులో పెట్టి వెంటనే పంపమంటాం.